నూటికి నూరు హాజరు

ఆ రోజుల్లో, అంటే ఊరంతా ముక్కూ నోరూ కట్టుకుని తిరిగిన మహమ్మారి కాలంలో, ప్రతి మనిషీ ఏదో ఒక కొత్త విద్యకు శిష్యుడయ్యాడు. కొందరు కేకులు చేయడం నేర్చుకున్నారు, కొందరు ఆసనాలు వేశారు. నేను విద్యా సాంకేతిక రంగంలో వ్యాపారం స్థాపించడం ఎలాగో ఆన్‌లైన్‌లో చదివాను. నా దగ్గర సాంకేతికత లేదు, వ్యాపారం లేదు. విద్య మాత్రం తగినంత ఉందని అప్పట్లో గట్టిగా నమ్మేదాన్ని.

ఆ నమ్మకానికి కారణం కాలేజీ చర్చా పోటీలు. సూరత్‌లో, తెలంగాణ నుంచి వలస వచ్చిన నేతవాళ్లుండే గోడాదరాలో, మరమగ్గాలు (మావాళ్లు వాటిని సాంచలంటారు) నడిపే కార్మికుడి ఇంట పుట్టి, వేదికెక్కి ఎదుటి జట్టుకు మాట పెగలకుండా చేయడంలో నేను కొంత పేరు తెచ్చుకున్నాను. ఆ అలవాటు వేదిక దిగాక కూడా నన్ను వదల్లేదు. పప్పులో ఉప్పు తక్కువైందని అమ్మ అన్నా, ఆ ప్రతిపాదనకు ఆధారమేమిటని అడిగేదాన్ని. "ఆధారం నా నాలుక బిడ్డా. నువ్వు గూడ నీ నాలుకను జర తినుడుకు వాడు" అనేది అమ్మ. సాంచల చప్పుడుకు తనకు సగం చెవుడు వచ్చినందుకు బాపు దేవుడికి దండం పెట్టుకునేవాడు (అదీ నాకు వినబడేటట్టుగానే).

చదువు ముగిశాక లింబాయత్‌లో ఒక చిన్న ప్రైవేటు బడిలో తెలుగు విభాగానికి టీచర్నయ్యాను. విభాగమంటే ఒక గది, అందులో నేను, సాంచ కార్మికుల పిల్లలు. మహమ్మారి వచ్చి గదికి తాళం పడింది, తరగతి ఫోన్‌లోకి మారింది, పిల్లలు మాత్రం ఫోన్‌లోకి రాలేదు. బడి ట్రస్టీ శేఠ్ నన్ను పిలిపించి, "టీచర్ బెన్, బచ్చే ఆతే నహీ. దీవాళీ తక్ దేఖేంగే" అన్నాడు. పిల్లలు రావడం లేదు కాబట్టి దీపావళి వరకు చూసి, ఆ తర్వాత తెలుగు విభాగం ఎత్తేసి అందరినీ హిందీ తరగతిలో కలిపేస్తాడన్న మాట. మా పిల్లలకు వచ్చిన హిందీ బజారుకు సరిపోతుంది, పాఠానికి సరిపోదు. అలా కలిపితే సగంమంది బడి మానేసి చీరలకు రాళ్లు అతికించే పనికి కూర్చుంటారని నాకు తెలుసు. నాతో చదువుకున్న ఆడపిల్లల్లో కొందరు అలాగే కూర్చున్నారు. విభాగాన్ని నిలబెట్టాలన్న పట్టుదలతోనే ఆ కోర్సులో చేరాను.

కోర్సు గురువుగారు ఎవరు ఏం చెప్పినా "దిశ మార్చి ఆలోచించండి" అనేవారు, కాబట్టి ఆయన మా అందరికీ దిశ సారు అయ్యారు. ఆయన మొదటి పాఠం చాలా సులువైనది. మీరు ఎవరికి మేలు చేయదలచారో వారి దగ్గరికి వెళ్లండి, అడగండి, వినండి, వాదించకండి. ఈ చివరి షరతును నేను సలహాగా మాత్రమే స్వీకరించాను.

మా తరగతిలో అందరికంటే చురుకైన చిట్టి వాళ్ల ఇంటికి వెళ్లాను. వాళ్లమ్మ ఒళ్లో చీర పరుచుకుని రాళ్లు అతికిస్తోంది.

"చిట్టి క్లాసుకు ఎందుకు రావడం లేదక్కా?"

"ఇంట్ల ఫోను ఒక్కటే మేడం. అది మా ఆయన జేబుల కార్ఖానకు పోతది."

"ఫోన్ ముఖ్యమా, చదువు ముఖ్యమా?"

"గదేం మాట మేడం, చదువే."

"అయితే ఫోన్ ఇంట్లో ఎందుకు ఉండకూడదు?"

"కార్ఖాన శేఠు ఫోన్ జేస్తే ఎవరెత్తాలె?"

ఎదుటి జట్టు బలహీనత నాకు దొరికింది. పని నేటిది, చదువు రేపటిది అన్నాను. ఒక తరం చేసే త్యాగం మరో తరానికి పునాది అన్నాను. అవతలి పక్షం లేవనెత్తగల అభ్యంతరాలను కూడా నేనే లేవనెత్తి నేనే ఖండించాను. ఆమె చేయి ఆపకుండా అంతా విని, "మీరే గెల్సిన్రు మేడం. చాయ్ తాగుతరా?" అంది.

వినియోగదారు నా వాదనతో పూర్తిగా ఏకీభవించారని కోర్సు నివేదికలో రాశాను. దిశ సారు దాని కింద ఒకే ఒక్క ప్రశ్న రాసి పంపారు: "ఫోన్ వచ్చిందా?"

దాంతో తండ్రులనే పట్టుకోవాలని నిశ్చయించి, పాళీ, అంటే షిఫ్టు, మారే వేళకు కార్ఖానా బయట చాయ్ బండి దగ్గర నిలబడి మాతృభాష మీద ఒక ఉపన్యాసం ఇచ్చాను. అది నా మంచి ఉపన్యాసాల్లో ఒకటి. చివర, శ్రోతల స్థాయిని దృష్టిలో పెట్టుకుని (అప్పట్లో అలాగే అనుకునేదాన్ని) సారాంశం చెప్పాను: "క్లాసు టైముకు మీ పిల్లల పేర్లు ఫోన్‌లో కనబడకపోతే తెలుగు క్లాసు ఎత్తేస్తారు."

"పేర్లు కనబడాలె. గంతేనా మేడం?" అన్నాడు చిట్టి వాళ్ల నాన్న.

"అంతే అన్నా."

మర్నాటి నుంచి హాజరు నూటికి నూరు. ఒక్క పేరూ తప్పలేదు. నల్లని తెరలు, మూసిన మైకులు, కింద వరుసగా పేర్లు. అంతటి క్రమశిక్షణ నేను బడి గదిలో ఎన్నడూ ఎరగను. ప్రశ్న వేస్తే జవాబు వచ్చేది కాదు. చర్చా వేదిక మీద అవతలివారి మౌనం మన గెలుపు, కాబట్టి రోజూ గెలుస్తూ వచ్చాను. ఒక్కసారిగా పైకెగిసిన హాజరు గీత చూపిస్తే దిశ సారు సైతం మెచ్చుకుని, కోర్సు ముగింపు ప్రదర్శనకు నా తరగతిని ఎంపిక చేశారు. నేను ట్రస్టీ శేఠ్‌ను కూడా ఆ ప్రదర్శనకు ఆహ్వానించాను. విభాగం భవితవ్యం ఆ రోజే తేలిపోవాలని నా కోరిక.

ప్రదర్శన రోజున నీటి చక్రం పాఠం చెప్పాను. సముద్రం దగ్గర చేతులు అలల్లా ఊపాను, మేఘం దగ్గర ఆకాశానికెత్తాను. దిశ సారు, "ఒక విద్యార్థి చేత మాట్లాడించండి" అన్నారు.

"చిట్టీ, ఆవిరి మేఘం ఎలా అవుతుంది? మైకు తెరిచి చెప్పమ్మా."

మళ్లీ పిలిచాను. మైకు తెరుచుకుంది. రైలు ఇంట్లోకి దూసుకొచ్చినట్టు ఒక హోరు. ఆ హోరు నడుమ నుంచి ఒక మగ గొంతు అరిచింది.

"హాజర్ మేడం!"

"ఎవరు?"

"చిట్టి, మేడం!"

"అన్నా, మీరా?"

"ఔ మేడం, చిట్టి తరపున. పక్క సాంచాయన చాయ్‌కి వోయిండు, ఆయన పోరని ఫోను గూడ నా తాననే ఉన్నది. అందరున్నం మేడం, ఒక్కరు గూడ తప్పలే!"

కార్ఖానాలో ఒక మర్యాద ఉంది. పక్కవాడు చాయ్‌కి వెళితే అతని సాంచను మనం చూసుకోవాలి, నేసిన బట్ట అతని పేరు మీదే పడుతుంది. అందులో మోసమేమీ లేదు, అది తోటి మనిషికి చేసే సాయం. సాంచకు చెల్లే మర్యాద చదువుకు చెల్లదని వాళ్లకు తోచలేదు. నాకూ ఎవరూ చెప్పలేదు. వారాల తరబడి నేను నేత కార్మికుల జేబులకు పాఠం చెప్పానన్న మాట.

"టీచర్ బెన్, క్లాస్ మే లూమ్ చల్ రహా హై?" అన్నాడు ట్రస్టీ శేఠ్, క్లాసులో సాంచ నడుస్తోందా అని, ఎంతో మర్యాదగా.

అలవాటు ప్రకారం నాలుక మీదికి వాదనలు వచ్చి నిలబడ్డాయి. ఒక్కటీ బయటికి రాలేదు. బదులుగా, చాలా కాలంగా బయట వాడని ఇంటి మాట వచ్చింది. "మరి చిట్టి చదువుకోవాలంటే ఏం జేద్దామన్నా?"

"నన్ను అడుగుతున్నరా మేడం?"

"ఔనన్నా."

"దినం పాళీ వారమైతే పొద్దుమీకి ఇంటికొస్త, ఫోనిస్త. రాత్రి పాళీ వారమైతే పొద్దుగాల పండుకుంట, అప్పుడు ఫోను ఖాళీనే. మీ క్లాసు గూడ పాళీ మార్చుకుంటే అయిపాయె."

"ఈ ముచ్చట ముందే ఎందుకు చెప్పలేదన్నా?"

"మీరు మాట్లాడుతుంటిరి గద మేడం."

దిశ సారు ఆ రోజు నన్ను దిశ మార్చమనలేదు. ట్రస్టీ శేఠ్ మాత్రం, పేర్లు చాలు, ముఖాలు చూపించు, గడువు దీపావళే అని చెప్పి వెళ్లిపోయాడు.

నా తరగతి పాళీ పని మొదలుపెట్టింది. ఒక వారం సాయంత్రం, ఒక వారం పొద్దున. వచ్చినవాళ్లు పాత హాజరులో సగమే, కానీ అందరూ పిల్లలే. పండక్కి ముందు ఒక సాయంత్రం ట్రస్టీ శేఠ్ వచ్చి నా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తెరలో చిట్టి, దాని వెనక అన్నం తింటున్న వాళ్ల నాన్న. భూమి చుట్టూ ఏది తిరుగుతుందని అడిగాను. "సూర్యుడు మేడం!" అని అరిచింది చిట్టి.

"సహీ బోలీ?" అన్నాడు శేఠ్, సరిగ్గా చెప్పిందా అని. ఆయనకు తెలుగు రాదు. అవునంటే విభాగం బతికిపోతుంది, కాదంటే ఏమవుతుందో తెలియదు. నాకు అబద్ధం చేతకాదు.

"గలత్ బోలీ, శేఠ్‌జీ."

ఆయన చిట్టి ముఖం వైపు చూశాడు. "లేకిన్ బోలీ తో" అన్నాడు. తప్పే అయినా పలికింది కదా అని.

తెలుగు విభాగం ఉండిపోయింది. చిట్టి సూర్యుణ్ణి అసలు చోటికి చేర్చడానికి ఇంకో పాళీ పట్టింది. ఇప్పుడు నేను కొత్త టీచర్లకు శిక్షణ ఇస్తుంటాను. అడిగి ఊరుకోండి అని చెబుతుంటాను, చెప్పి నేను ఊరుకోవడం ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. అప్పుడప్పుడు ఆ నల్లని తెరల ముందు ఒంటరిగా చేతులెత్తి మేఘాలను సృష్టిస్తున్న ఆనాటి పిల్ల టీచర్ గుర్తొస్తుంది. వెళ్లి భుజం తట్టి కూర్చోబెట్టాలనిపిస్తుంది. పాపం, గొంతు మాత్రం బాగుండేది.