బ్యాటరీల గంగామణి అక్క

పోయిన నెల ఒక మధ్యాహ్నం మా సోలార్ ప్లాంటు గేటు దగ్గర నిలబడి ఉండగా పుల్లని ఘాటు ఒకటి గొంతుకు తగిలింది. కాపలా గదిలోని పాత ఇన్వర్టర్ బ్యాటరీ ఎక్కువ చార్జి అయి, మూతల సందుల్లోంచి సన్నని తుంపర చిమ్ముతోంది. మేం లోపల నడిపే బ్యాటరీలు వేరు. ఇనుప కంటైనర్లలో, ఏసీ చల్లదనంలో వరుసలు వరుసలుగా పేర్చిన లిథియం బ్యాటరీలు. పగటి ఎండను సాయంత్రానికి దాచిపెట్టడం వాటి పని. వాటికి వాసన ఉండదు, చప్పుడూ ఉండదు. ఈ ఘాటు మాత్రం నాకు ఇరవై ఏళ్ళకు పైగా తెలిసినది. కాపలా మనిషి "ఏమైంది సార్, అట్లా నిలబడ్డారు?" అని అడిగేదాకా నేను అక్కడ లేను. బాన్సువాడ బస్టాండు వెనక సందులో, గంగామణి అక్క దుకాణం ముందు ఉన్నాను.

తొంభైల చివర్లో నిజామాబాద్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా పూర్తి చేసి ఇంటికి వచ్చాను. మాది బాన్సువాడ పక్కనే ఒక క్యాంపు. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి పెట్టుకున్న కుటుంబం. ఆర్నెల్లు ఉద్యోగం దొరక్క తిరిగాక, బ్యాటరీల పనికి మనిషి కావాలని ఎవరో చెబితే సర్టిఫికెట్లు సంచిలో పెట్టుకుని వెళ్ళాను. యజమాని మగవాడనే అనుకున్నాను. కాసెపోసి చీర కట్టుకున్న నలభై అయిదేళ్ళ మనిషి ట్రాక్టరు బ్యాటరీ ఒకదాన్ని పొట్టకు ఆనించి ఎత్తుకుని ఎదురొచ్చింది. చీర కుచ్చెళ్ళ నిండా యాసిడ్ పడి కాలిన చిల్లులు. దుకాణం గడపలో కుర్చీలో ఆమె భర్త కూర్చుని ఉన్నాడు. పక్షవాతంతో కుడి చెయ్యి, మాట రెండూ పడిపోయిన మనిషి.

"ఏం చదివినవ్ తమ్మీ?"

"ఎలక్ట్రికల్ డిప్లొమా అండి."

"గీ ఆరు బ్యాటరీలల్ల ఒకటి ఖరాబున్నది. ఏదో చెప్పు."

వోల్ట్ మీటరు పెట్టి చూశాను. ఆరూ పన్నెండున్నర వోల్టుల దాకా చూపించాయి. అన్నీ బాగానే ఉన్నాయండి అన్నాను. ఆమె ట్రాక్టరు హెడ్‌లైట్లు రెండు కలిపి కట్టిన తీగను తెచ్చి ఒక్కోదానికి తగిలించింది. నాలుగోదాని దగ్గర దీపాలు ఎర్రబడి, చూస్తుండగానే ఆరిపోయాయి. కుర్చీలోని భర్త ఎడమ చెయ్యి ఎత్తి నవ్వాడు.

"ఊకె కూసున్నప్పుడు అన్ని మంచిగనే కనవడ్తయి తమ్మీ. బరువు మోపితెనే ఎరుకైతది. రేపటికెల్లి రా. గా 'అండి' మాత్రం ఇంట్ల పెట్టి రా."

ఆమె ఈ పని నేర్చుకున్నది భర్త మంచాన పడ్డాకనే. దుకాణం మూస్తే ఇల్లు గడవదు. అందుకని ఆయన్ని రోజూ రిక్షాలో తెచ్చి గడపలో కూర్చోబెట్టేది. విప్పిన ప్రతి బ్యాటరీనీ ఆయన ముందు పెట్టేది. సరిగ్గా చేస్తే ఆయన కన్ను మూసి తెరిచేవాడు, తప్పయితే తల అడ్డంగా ఊపేవాడు. "రెండేండ్లు గట్లనే నేర్చుకున్న. కోపమొస్తె తిట్టనీకి నోరు లేకపాయె, గదొక్కటి నాకు కలిసొచ్చింది," అని ఆయన ముందే అనేది. ఆయన భుజం కదిలేలా నవ్వేవాడు. మొదట్లో ట్రాక్టర్ల వాళ్ళు "మగోళ్ళు లేరా?" అని అడిగితే, "ఉన్నడు, గడపల కూసున్నడు. ఆయనకు చెప్పు, నేను చేస్త," అని భర్త వైపు చూపించేదట. నేను చేరేనాటికి అలా అడిగేవాళ్ళు లేరు.

నాతో ఆమె ఒక్క విషయంలోనే కఠినంగా ఉండేది. చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడగకుండా టీ గ్లాసు ముట్టనిచ్చేది కాదు. పక్కన నిలబడి చూసేది. "సీసం కండ్లకు కనవడది. కడుపుల పోయి కూసుంటది. మీ అమ్మకు నేనేం జవాబు చెప్పాలె?" అనేది. ఇరవై ఏళ్ళ వాణ్ణి పసివాడిలా నిలబెట్టి గోళ్ళు చూస్తుంటే సిగ్గేసేది. ఇప్పుడు తలుచుకుంటే, నా ఆరోగ్యం గురించి అంత పట్టుదలగా ఆలోచించిన మనిషి ఇంట్లోవాళ్ళు కాక ఆమె ఒక్కతే.

ఆ మరుసటి ఏడు జరిగినది చెప్పకుండా ఆమె గురించి చెప్పినట్టు కాదు. ఊళ్ళో ఒక డాక్టరమ్మ చిన్న ప్రసూతి ఆసుపత్రి నడిపేది. కరెంటు పోతే ఆపరేషన్ గదిలో దీపం వెలగడానికి ఇన్వర్టరూ, రెండు పెద్ద బ్యాటరీలూ ఉండేవి. నెలనెలా వాటిని పరీక్షించి రిజిస్టరులో రాయడం మా దుకాణం పని. ఆ నెల నేను వెళ్ళాను. అదే రోజు నిజామాబాద్‌లో నాకో ఇంటర్వ్యూ ఉంది. బస్సుకు టైమవుతోంది. వోల్టులు చూశాను, బాగున్నాయి. దీపాలు తగిలించి బరువు మోపి చూడాలంటే అరగంట పడుతుంది. కిందటి నెల అంకెల్ని కొంచెం అటూ ఇటూ మార్చి రాసేసి బస్సెక్కాను. ఉద్యోగమూ రాలేదు.

పది రోజుల తర్వాత మిట్టమధ్యాహ్నం ఆసుపత్రి ఆయా పరుగెత్తుకుంటూ వచ్చింది. "లోపల ఆపరేషన్ నడుస్తున్నది, కరెంటు పోయింది, లైటు గూడ పోయింది!" అక్క నిండుగా చార్జయిన బ్యాటరీలు రెండు ఆటోలో వేయించి, నన్ను ఎక్కమంది. మేం వెళ్ళేసరికి కిటికీలన్నీ తెరిచి, ఇద్దరు నర్సులు టార్చిలైట్లు పట్టుకుని ఉన్నారని ఆయా చెప్పింది. కంగారులో నాకు బోల్టు పట్టడం లేదు. అక్క నా చేతిలోంచి స్పానరు తీసుకుని తనే బిగించింది. లోపల దీపం వెలిగింది. కాసేపటికి బిడ్డ ఏడుపు వినిపించింది. తల్లికీ బాగానే ఉందన్నారు.

అప్పుడు అక్క రిజిస్టరు తెరిచింది. పాత బ్యాటరీల్లో ఒకదానికి దీపం తగిలించి చూసింది. వెంటనే ఆరిపోయింది.

"గీ అంకెలు యాడికెల్లి వచ్చినయి తమ్మీ?"

"కొలవలేదక్కా," అన్నాను.

ఆమె నన్ను తిట్టలేదు. డాక్టరమ్మ బయటికి రాగానే ఎదురెళ్ళి, "తప్పు మా దుకాణానిదే మేడం. పరీక్ష చెయ్యకుంటనే రాసినం," అంది. నా పేరు చెప్పలేదు. డాక్టరమ్మ కోపంగా ఇంకెప్పుడూ ఈ గడప తొక్కొద్దంది. అక్క తల వంచుకుని విన్నది. తర్వాత నా వైపు తిరిగి, "నేను చెప్పేది చెప్పిన. ఇగ లోపల పండుకున్న పిల్ల వాళ్ళకు నువ్వు చెప్పాలె," అంది.

వరండాలో ఆ బాలింత అత్త కూర్చుని ఉంది, బీడీలు చుట్టి చుట్టి వేళ్ళు నల్లబడిన ముసలమ్మ. నేను చేసినది చెప్పాను. ఆమె నా ముఖంలోకి చూసి, "నీకు అక్కచెల్లెండ్లు లేరా బిడ్డా?" అని మాత్రం అడిగింది. అంతకంటే రెండు దెబ్బలు కొట్టినా బాగుండేది.

దుకాణానికి వచ్చాక రిజిస్టరులో ఆ పేజీ చింపబోయాను. అక్క నా చెయ్యి పట్టుకుంది. "చింపకు. గా అంకెలు కొట్టేసి, పక్కన నిజం రాయి." వాటి మీద గీత గీసి 'కొలవలేదు' అని రాశాను. మరునాడు పనికి వెళ్ళాలా వద్దా అని సందు మొదట్లో నిలబడి ఉంటే, ఆమే బయటికి వచ్చి, "ఏం, బ్యాటరీలు వాటికవే లోపలికి నడుస్తయా?" అంది. ఆ మాటతో నేను ఆ దుకాణంలో ఇంకో అయిదేళ్ళు ఉన్నాను. ఏడాది గడిచాక డాక్టరమ్మే మనిషిని పంపి అక్కను పిలిపించుకుంది. తప్పు ఒప్పుకున్న మెకానిక్కును ఆవిడ అంతవరకు చూడలేదట.

రెండువేల సంవత్సరం దాటాక నిజాంసాగర్ వైపు ఒక తండాలో ఎవరో సోలార్ దీపాలు పెట్టించారు. ఏడాదిలోపే అవి వెలగడం మానేశాయి. పలకలు చెడిపోయాయని అందరూ అనుకుంటుంటే అక్క బ్యాటరీల మూతలు తీసి చూసింది. నీళ్ళు అడుగంటి ఉన్నాయి. పోయాలని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. ఆమె ఆడవాళ్ళను చుట్టూ కూర్చోబెట్టి, డిస్టిల్డ్ వాటర్ ఎంత వరకు పోయాలో చూపించి, ఒక్కొక్కరి చేత పోయించింది. తిరిగి వచ్చేటప్పుడు మోటారుసైకిల్ వెనక కూర్చుని, "ఎండను పట్టి డబ్బల దాచుడు! మీ బావ చూస్తె మస్తు సంబురపడుతుండె," అంది. ఆయన పోయి అప్పటికి మూడు నెలలు. నేను బండి నెమ్మదిగా నడిపాను.

హైదరాబాద్ కంపెనీలో ఉద్యోగం వచ్చినప్పుడు వెళ్ళమని తోసింది ఆమే. కొన్నేళ్ళకు, సెలవు మీద వచ్చి, మేం కొత్తగా పరీక్షిస్తున్న లిథియం సెల్ ఒకటి చూపించాను. అప్పటికి దుకాణం కూతురు చూసుకుంటోంది. అక్కకు చూపు తగ్గింది. సెల్‌ను అరచేతిలో పెట్టుకుని, వేళ్ళతో పైనంతా తడిమింది.

"నీళ్ళు యాడ పోస్తరు?"

"పొయ్యనక్కర్లేదక్కా. మొత్తం సీలు వేసి ఉంటుంది."

"మరి లోపల మంచిగున్నదో లేదో ఎట్ల తెలుస్తది?"

"చిన్న సర్క్యూట్ ఉంటుంది. కంప్యూటరు మీద అదే చెబుతుంది."

ఆమె సెల్‌ను నా చేతిలో పెట్టి, నా వేళ్ళు దాని మీద మూసి, మెల్లగా అడిగింది.

"అది అబద్ధం చెప్తె?"

ఆ ఏడు వానాకాలంలో ఆమె పోయింది. నేను వచ్చేసరికి అంతా అయిపోయింది. ఇప్పుడు నా కింద పధ్నాలుగు మంది ఇంజనీర్లు పని చేస్తున్నారు. తెర మీద అన్ని గళ్ళూ పచ్చగా ఉన్న రోజున కూడా వాళ్ళను కంటైనర్లలోకి పంపించి, నిజమైన బరువు మోపించి కొలిపిస్తాను. కొత్తగా చేరిన అమ్మాయి ఒకరోజు విసుగ్గా, "సిస్టమ్ చెబుతోంది కదా సార్, మళ్ళీ ఎందుకు?" అంది. కారణం చెప్పాలంటే గంగామణి అక్క గురించి చెప్పాలి. ఆ రోజు పని ఆపి, అందరినీ కూర్చోబెట్టి, నేను చేసిన తప్పుతో సహా చెప్పాను.