డాబా మీద గోల్ఫ్

మా ఆయనకు గుండెపోటు గోల్ఫ్ ఆడుతుండగా వచ్చింది. స్టీల్ ప్లాంటులో చేరిన కొత్తలో పై అధికారి ఒకాయన సరదాగా నేర్పిన ఆట అది. రిటైరయ్యే నాటికి ఆయనకు ఆదివారం అంటే అదే. నేను పొద్దున చర్చికి, ఆయన గోల్ఫుకి. చర్చికి సాయంత్రం ఆరాధన వేళకు వచ్చేవారు, మెడ నల్లగా కమిలిపోయి, ప్యాంటు అంచులకు ఇంకా గడ్డిముళ్లు అంటుకుని. ఆ ఆట ఏమిటో నేనెప్పుడూ అడగలేదు. పోర్టు దగ్గర షిప్పింగ్ ఆఫీసులో నా ఉద్యోగం, ఇల్లు, చర్చిలో పాటలు, వీటితోనే నాకు సరిపోయేది.

మైదానం సముద్రం కనిపించే కొండవాలులో ఉంటుంది. ఆ రోజు ఏడో హోల్ దగ్గర, అంటే బంతిని వేయాల్సిన ఏడో గుంట వైపు ఎత్తు ఎక్కుతుండగా ఛాతీలో పట్టేసినట్టయి కూలబడిపోయారట. తోటివాళ్లు బండిలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లారు. స్టెంట్ వేశారు. దేవుడి దయ, ఇంటికి వచ్చారు. కొన్ని నెలలకు డాక్టరు, "నడవండి, ఆడుకోండి, తొందరపడకండి చాలు" అన్నాడు.

ఆయన వెళ్లలేదు. ముందు ఎండలు తగ్గనీ అన్నారు. ఎండలు తగ్గాక వానలు అన్నారు. కర్రల సంచి కూర్మన్నపాలెంలోని మా ఇంటి వరండా మూలలో దుమ్ము పట్టింది. ఆదివారం పొద్దున నాతోపాటు చర్చికి రావడం మొదలుపెట్టారు. అందుకు నేను సంతోషించాలి. కానీ పాట పాడుతూ పక్కకు చూస్తే ఆయన కిటికీలోంచి బయటికి చూస్తుండేవారు.

మా అమ్మాయి మధురవాడ వైపు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తుంది. అక్కడ ఒక రకం కళ్లజోడు తయారుచేస్తారు. పెట్టుకుంటే ఎదురుగా ఉన్న గది ఉన్నట్టే ఉంటుంది, దాని మీద లేనివి కూడా కనిపిస్తాయి. ఒకరోజు అది ఆ కళ్లజోడు ఇంటికి తెచ్చింది.

"నాన్నా, మా ఆఫీసులో అందరూ పాతికేళ్ల వాళ్లే. నీ వయసువాళ్ల కళ్లకి ఇది ఎలా ఉంటుందో మాకు తెలీడం లేదు. చూసి చెప్తావా?"

"నాకేటి తెలుసు?" అన్నారాయన.

"గోల్ఫ్ తెలుసు కదా. దీంట్లో అదే ఉంది."

డాబా మీద గది ఖాళీ చేయించాం. మా అన్నయ్యకు ఆటోనగర్‌లో వెల్డింగ్ షాపు ఉంది. పైపులతో పెద్ద చట్రం చేసి, ఫిషింగ్ హార్బర్ నుంచి వల తెచ్చి బిగించాడు. మొదటి రోజే బంతి వల కన్నంలోంచి దూరి, వెనక గోడకు కొట్టుకుని తిరిగొచ్చి మా అన్నయ్య మోకాలికి తగిలింది.

"సేపలకి కట్టే వల బావా ఇది! నీ గోళీకాయ సేప కంటే సన్నం!" అని మోకాలు రుద్దుకుంటూ మా అన్నయ్య ఒకటే నవ్వు. మర్నాడు వల రెండు మడతలు వేసి, వెనక మందపాటి టార్పాలిన్ కట్టాడు.

కింద ప్లాస్టిక్ గడ్డి చాప. బంతి పక్కన చిన్న పెట్టె. బంతిని కొడితే అది ఎంత వేగంగా, ఏ వైపు వెళ్లిందో ఆ పెట్టె కనిపెడుతుంది. బంతి వలలో పడి ఆగిపోతుంది. కళ్లజోడులో మాత్రం ఆగదు, గోడ దాటి, ఎక్కడో విదేశంలో ఉన్న మైదానం మీద ఎగురుతూ పోతుంది. మా ఆయన రోజూ సాయంత్రం పైకి వెళ్లేవారు. కింద వంటింట్లో నాకు టప్, టప్ అని వినిపించేది. చాలా నెలల తర్వాత ఆయన నోట ఈల విన్నాను.

అది చూసి మా అమ్మాయి ఇంకో పని చేసింది. ఆఫీసు వాళ్లతో కలిసి అనుమతి తీసుకుని, ఆయన ఆడే మైదానమంతా ఫొటోలు తీసి, దాన్నే కళ్లజోడులోకి తెచ్చింది. ఆయన పెట్టుకుని మెల్లగా గదంతా ఒక చుట్టు తిరిగి చూశారు. "అలాగే ఉందమ్మా, అచ్చం అలాగే ఉంది" అన్నారు చివరికి.

అప్పటినుంచి అందులోనే ఆడేవారు. అయితే కాసేపటికే కళ్లజోడు తీసేసేవారు. కళ్లు లాగుతున్నాయనేవారు. పాపం మా అమ్మాయి వెలుతురు తగ్గించింది, అద్దాలు మార్చింది. చివరికి ఒకరోజు వంటింట్లోకి వచ్చి మెల్లగా చెప్పింది.

"అమ్మా, నాన్న రోజూ ఒకేచోట ఆపేస్తున్నారు. ఆరో హోల్ అయిపోగానే. కళ్లజోడు తప్పు కాదు."

నాకు అర్థమైంది. ఏమని అడగను? అడిగితే ఎండల సంగతే చెబుతారు.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం ఆయన మాత్రలు పట్టుకుని పైకి వెళ్లాను. "నాకూ ఒకసారి పెట్టండి" అన్నాను. ఆయన నవ్వి పెట్టారు. మా గది, మా వల, మూలనున్న పాత కుర్చీ కనిపిస్తూనే ఉన్నాయి. వాటి వెనక పచ్చటి వాలు దిగుతూ పోయి, చివర సముద్రం. ఇన్నేళ్లూ ఆయన ఆదివారాలు గడిపింది ఇక్కడా అనుకున్నాను.

మొదటిసారి కర్ర చాపకు తగిలింది. రెండోసారి గాలికి. ఆయన వెనక నిలబడి నా చేతులు సరిచేశారు. "అంత గట్టిగా పట్టుకుంటావేటే? సంటిబిడ్డ సెయ్యి పట్టుకున్నట్టు పట్టుకో."

ఆ మాటతో నాకు ఆట అంటుకుంది. ఆఫీసు నుంచి రాగానే కాఫీ తాగి ఇద్దరం పైకి వెళ్లేవాళ్లం. పెళ్లయ్యాక మేం అంత మాట్లాడుకున్నది అప్పుడేనేమో. మెల్లగా బంతి నేరుగా వెళ్లడం నేర్చుకుంది. ఒకరోజు నేను ఆడుతూ ఆడుతూ ఆరో హోల్ దాటేశాను.

"ఇంక సాలు. తీసెయ్" అన్నారాయన.

"మీరు కుర్చీలో కూర్చోండి. నేను ఆడతాను. ఎలా ఉందో చెప్తాను."

ఆయన కూర్చున్నారు. ఎదురుగా ఎత్తు ఉందన్నాను. పైన చిన్న జెండా కనిపిస్తోందన్నాను. కాసేపటికి ఆయనే అడిగారు.

"ఎడం పక్క జీడిమామిడి సెట్టుందా?"

"ఉంది."

"దాని కింద?"

"ఏమీ లేదు. గడ్డి."

"అక్కడే కూకుండిపోనాను. ఇంక లెగననుకున్నాను. నీకు ఫోన్ సేద్దామంటే నీ నంబరు గుర్తు రాలేదే. ఎన్నేళ్ల నుంచో నోటికొచ్చిన నంబరు. ఒక్క అంకె కూడా రాలేదు."

నేను కళ్లజోడు తీయలేదు. తీస్తే నా ముఖం చూస్తారు. అలాగే నిలబడి బంతి కొట్టాను. అది కుడివైపుకు పోయి సముద్రంలో పడింది.

"ఏటైంది?" అన్నారు.

"సముద్రంలో పడింది."

ఆయన నవ్వారు. నవ్వుతూ చేత్తో కళ్లు తుడుచుకున్నారు. అప్పుడు అడిగాను, "నిజం మైదానం నాకు చూపించరూ?" అని. ఈసారి ఆయన ఎండల మాట ఎత్తలేదు.

జనం ఉండరని మామూలు రోజు పొద్దున వెళ్లాం. కారు మా అన్నయ్య నడిపాడు. మొదటి దెబ్బ నాదే. డాబా మీద నేర్చిందంతా ఏమైందో, సముద్రపు గాలికి బంతి పక్కకు తిరిగి పొదల్లోకి పోయింది. మా డాబా మీద గాలి లేదు. ఇంకొకటి కూడా లేదు. ఇక్కడ బంతి కొట్టాక దాని వెనక నడవాలి. డాబా మీద కొట్టగానే తర్వాతి చోటు మన కాళ్ల కిందికే వచ్చేస్తుంది. ఇక్కడ తడి గడ్డి మీద, పిట్టల అరుపుల్లో, మాట్లాడుకుంటూ నడిచాం. ఆట కంటే నాకు ఆ నడకే నచ్చింది.

ఏడోదాని దగ్గరికి వచ్చేసరికి ఆయన ఆగిపోయారు. జీడిమామిడి చెట్టు కింద గడ్డి కోసే ఆడవాళ్లు ముగ్గురు క్యారేజీలు విప్పుకుని చద్దన్నం తింటున్నారు. అందులో పెద్దామె తలెత్తి చూసి, ముద్ద పట్టుకున్న చెయ్యి అలాగే ఉంచేసింది.

"బాబూ, మీరు బతికే ఉన్నారేటి!"

ఆమె గబగబా చెయ్యి కడుక్కుని లేచింది. "ఆ రోజు మీ బూట్లు నానే ఇప్పినాను బాబూ. ఇదిగో, ఈ పిల్ల కొంగుతో ఇసిరింది. తరవాత మీరు మరి రానేదు. ఆదివారం ఆదివారం సూసీవోళ్లం. పోనారు గావాల అనుకున్నాం."

ఆయనకు అవేవీ గుర్తులేవు. ఆ రోజు తోటివాళ్లు వెనక్కి వచ్చేదాకా ఒంటరిగా పడి ఉన్నాననే ఇన్ని నెలలూ అనుకున్నారు. "బతికే ఉన్నానమ్మా" అన్నారు. "రాడానికి బయమేసింది."

"బయమెయ్యదా మరి? కూకోండి బాబూ, నీడుంది" అని ఆమె జరిగి చోటిచ్చింది. మా ఆయన ఆ చెట్టు కిందే, వాళ్ల పక్కన కూర్చున్నారు. వాళ్లు పెట్టిన మాగాయ ముక్క నేనూ తిన్నాను, ఉప్పు వద్దన్న డాక్టరు మాట గుర్తు చేయకుండా ఆయననీ తిననిచ్చాను. తర్వాత ఆయన లేచి కర్ర తీసుకున్నారు. బంతి సగం ఎత్తు కూడా వెళ్లలేదు. ముగ్గురూ చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు ఆయన మళ్లీ ఆడుతున్నారు, సగం మైదానమే. చూపు మందగించి, ఎగిరిన బంతి ఎక్కడ పడిందో కనిపించదు. మా అమ్మాయి తెచ్చిన కొత్త కళ్లజోడు మైదానంలోనే పెట్టుకుంటున్నారు. బంతి వెళ్లిన దారంతా ఆకాశంలో సన్నటి గీతలా చూపిస్తుంది. మున్ముందు వేరే ఊళ్లో ఉన్న స్నేహితుడు పక్కన నడుస్తున్నట్టే కనిపిస్తాడని మా అమ్మాయి చెబుతుంది.

"నీడ కూడా పడతాదేటి?" అని అడిగారు మా ఆయన.

"అదే ఇంకా కుదరలేదు నాన్నా."

డాబా మీద గది అలాగే ఉంది, వానరోజుల్లో మాకు పనికొస్తుంది. మా అమ్మాయి ఆఫీసువాళ్లు ఈమధ్య మల్కాపురంలో అలాంటిదే ఇంకొకటి పెట్టారు. రిఫైనరీలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఇంట్లో. ఒకప్పుడు ఫుట్‌బాల్ బాగా ఆడేవాడట, ఇప్పుడు కాళ్లు రెండూ పడిపోయి చక్రాల కుర్చీలో ఉన్నాడు. కుర్చీలో కూర్చుని కర్ర ఊపడం ఎలాగో నేర్పడానికి మా ఆయన గురువారాలు అక్కడికి వెళ్తున్నారు. మొదట్లో అతను విసుక్కుని కర్ర విసిరేసేవాడట. మొన్న మొదటిసారి బంతి నేరుగా వెళ్లిందని, అన్నం తింటూ మా ఆయన నాకు రెండుసార్లు చెప్పారు.