మోరీ కాదప్పా, కాలువ

మా పక్కింటి పెద్దమ్మ పోయింది. పొద్దున్నే కాఫీ తాగి, గోడకి ఆనుకుని కూర్చుని, అట్లాగే వెళ్ళిపోయింది. కబురు వినగానే నాకు తట్టిన మొదటి మాట, అయ్యో, వాన చూడకుండానే పోయిందే అని. ఎందుకంటే ఈసారి వాన మీద ఆమె పెద్ద పందెమే కాసింది.

హూడిలో మా ఇళ్ళ వెనక పాత కాలువ ఒకటుంది. ఎగువ చెరువు నిండితే పొంగిన నీళ్ళు అందులోంచే దిగువ చెరువుకి వెళ్ళేవట. మేం ఇళ్ళు కట్టుకుని వచ్చేసరికే అది ఎండిపోయింది. చిరిగిన పరుపులు, పగిలిన టైల్సు, ఇంట్లో పనికిరానిదంతా అందులోకే. అందరం దాన్ని మోరీ అనేవాళ్ళం, మురికి పారే డ్రైనేజీ అన్నట్టు. పెద్దమ్మ ఊరుకునేది కాదు. "మోరీ కాదప్పా, కాలువ. మోరీ అంటే చెత్త ఏస్తారు. కాలువ అంటే ఏసేదానికి చెయ్యి రాదు" అనేది. కూరగాయల బండి అతన్ని కూడా వదల్లేదు.

కాలువ గురించి ఆమెకి గొప్పగా ఏమీ తెలియదు. కోలారు వైపు నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో దాంట్లో నీళ్ళు చూసింది, అంతే. తెలుసుకోవాలన్న ఆరాటం మాత్రం ఇంతా అంతా కాదు. ఒకసారి జోరు వానలో గొడుగు పట్టుకొచ్చి నా తలుపు కొట్టింది. "నీళ్ళు యాడ నిలిచిపోతాయో చూద్దాం, రాప్పా!" చేతిలో పసుపు పూసిన కొబ్బరి చిప్ప.

"పసుపెందుకు పెద్దమ్మా, పూజా?"

"పూజేంది? దూరానికి కనపడొద్దా!"

చిప్పని కాలువలో వదిలి గట్టు వెంట నడిచాం. టైలరు కొట్టు వెనక ఆగిపోయింది. నాకు నిరాశ, ఆమెకి సంబరం. "దొరికింది చూడు! రోగం ఈడుండాది." ఆ వేసవిలో వీధంతా కలిసి అక్కడి మట్టి తీయించాం. మరుసటేడు చిప్ప ఇంకాస్త ముందుకెళ్ళి కల్వర్టు కింద ఆగింది. ఏడాదికొక చిప్ప, దాని వెనకే మా పని.

ఇంతలో మా సంఘం ప్రెసిడెంటుగారు కాలువ మీద స్లాబు వేసి కార్లు పెట్టుకుందామన్నారు. ఆయన చెడ్డవారేం కాదు, రోజూ పార్కింగు పోట్లాటలు తీర్చలేక విసిగిపోయారు. "నీళ్ళే రాని మోరీకి ఇంత సేవ ఎందుకమ్మా?" అన్నారు మీటింగులో.

"ఒక్క వాన ఆగండప్పా. ఈ తూరి చిప్ప చెరువు చేరకపోతే, స్లాబు మీద మొదటి ముగ్గు నేనే ఏస్తా" అంది పెద్దమ్మ. అందరూ నవ్వారు, ఒప్పుకున్నారు.

కల్వర్టు కింద పూడిక తీస్తున్నన్ని రోజులూ ఆమె గట్టునే కూర్చుని అందరికీ మజ్జిగ పోసింది. చేరుతుందా పెద్దమ్మా అంటే, "నాకేం తెలుసప్పా? తెలిస్తే ఇంక చూసేదేముండాది?" అనేది. తెలియదని అంత ఇష్టంగా చెప్పే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఆమె లేని గోడ వైపు చూడాలంటే ఇప్పటికీ నాకు కష్టంగానే ఉంది.

వాన ఆమె దివసాల రోజునే వచ్చింది. విస్తళ్ళు ఎత్తకముందే జోరందుకుంది. ఆమె కూతురు వంటింట్లోంచి ఒక చిప్ప తెచ్చి పసుపు పూసింది. దాన్ని నేనే వదిలాను. ప్రెసిడెంటుగారు స్కూటరు మీద ముందే చెరువు దగ్గరికి పోయారు. చిప్ప టైలరు కొట్టు దాటింది. కల్వర్టు కిందికి వెళ్ళింది. అవతల వైపు ఎంతసేపు చూసినా కనబడలేదు. మళ్ళీ ఆగిపోయిందనుకున్నాను. పెద్దమ్మ ఉంటే సంబరపడేది, మళ్ళీ రోగం దొరికిందని.

అప్పుడు చెరువు వైపు నుంచి ప్రెసిడెంటుగారి కేక వినబడింది.

"వచ్చినాదప్పా! కాలువ వచ్చినాది!"

పరుగెత్తాం. బురదనీళ్ళలో మా కళ్ళుగప్పి ఎప్పుడు దాటిందో, చిప్ప చెరువు అంచున మెల్లగా చుట్టూ తిరుగుతోంది. పసుపు సగం కరిగిపోయింది. ప్రెసిడెంటుగారు ప్యాంటు తడుస్తున్నా మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, దాన్ని ముట్టుకోకుండా చూస్తూ ఉన్నారు.