రెండే ఉన్నాయన్న ఇమాస్

ఇమాస్ నోరు ఊరుకోదు. తాసిక్మలయా ఊళ్లో ఆమె ఉండే వీధి వీధంతా ఒప్పుకునే మాట అది. ఆ నోరే ఆమెకు అన్నం పెడుతోంది. ముందుగదిలో ఫోను ఎదుట నిలబడి ముకెనాలు, ఆడవాళ్లు నమాజుకు తొడుక్కునే పూలకుట్టు దుస్తులు, లైవ్‌లో అమ్ముతుంది. మరక ఉంటే దగ్గరకు తెచ్చి మరీ చూపిస్తుంది. ఆ గదీ ఆ ఫోనూ అత్తగారు తార్సిహ్‌వి. ముప్పై ఏళ్లు సంతలో బట్టలమ్మిన మనిషి. "ఒక్క అబద్ధం ఆడి అమ్మావో, ఆ రోజుతో ఈ దుకాణం మూత" అని మొదటిరోజే తేల్చి చెప్పింది.

ఉపవాసాలు ముగిసే లెబరాన్ పండుగ వారం ఉందనగా, మధ్యాహ్నం లైవ్‌లో జనం ఎనిమిది వందలు దాటారు. ఎప్పుడూ నలభైమందిని మించి చూడని ఇమాస్‌కు ఒళ్లు తెలియలేదు. ఉపవాసం సంగతే మరిచి గిర్రున తిరిగింది, గంతేసింది.

"అక్కల్లారా, ఈ లేతాకుపచ్చవి రెండే! రెండే ఉన్నాయి, త్వరగా!"

ఆ రెండింటినీ ముప్పైమంది కొనేశారు. చప్పట్లు కొడుతూ లైవ్ ఆపి వెనక్కి తిరిగితే, నడుమెత్తున లేతాకుపచ్చ గుట్ట.

"అయ్యో, నేనేం కూశాను!"

"అందరూ అనేదే వదినా" అంది పొట్లాలు కడుతున్న ఆడపడుచు ఎవిస్. "ఊరికే అంటారు, ఊరికే వింటారు."

"వాళ్లు ఊరికే కొనలేదే!"

పొద్దువాలే వేళ అసర్ నమాజుకు నిలబడింది కానీ మనసు నిలవలేదు. ముగించి, నేరుగా వెళ్లి మళ్లీ లైవ్ పెట్టింది.

"అక్కల్లారా, అబద్ధమాడాను. ఇదిగో, ఇన్ని ఉన్నాయి. అయిపోతాయన్న కంగారుతో కొన్నవాళ్లు రద్దు చేసుకోండి, మీ డబ్బు మీకొస్తుంది. మనసొప్పని బేరం నాకు హలాల్ కాదు."

ఎవిస్ తల పట్టుకుంది. రద్దులు టపటపా పడ్డాయి. ఎవరో "ఇంతకీ నిజంగా ఎన్ని?" అని రాశారు. ఇమాస్ పైకి లెక్కపెట్టసాగింది. పంతొమ్మిది దగ్గర తప్పి మళ్లీ ఒకటికొచ్చేసరికి చూసేవాళ్లంతా నవ్వు బొమ్మలు కురిపించారు. ఆమెకూ నవ్వాగలేదు.

అప్పుడే తార్సిహ్ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నాదీ రద్దు చెయ్యి."

"మీరూ కొన్నారా అత్తయ్యా?"

"పక్కింటామె ఫోనులో. రెండే అన్నావుగా, కంగారుపడ్డా. సంతలో ముప్పై ఏళ్లు అదే కూత విన్నా, ఎవరినీ నమ్మలేదు. నువ్వన్నావని నమ్మా."

ఇమాస్ నవ్వు ఆగిపోయింది. సిగ్గుతో చచ్చిపోయింది. లైవ్‌లో ఇంతమంది చూస్తుండగానే కళ్లు నీళ్లతో నిండాయి. "మీరన్నట్టే దుకాణం మూత అత్తయ్యా" అంటూ ఫోను తీసి అత్తగారి ముందు పట్టుకుంది.

తార్సిహ్ దాన్ని అందుకోలేదు. గుట్ట ముందు చతికిలబడి ఒక్కొక్కటే విప్పి చూడసాగింది.

"ఇప్పుడు తీరిగ్గా చూసి కొంటా. ఇదిగో అమ్మాయ్, దీని అంచు వంకరపోయింది. ఆ ఫోనెత్తి వాళ్లకి చూపించు."