కిటికీ మీద రెండు గీతలు

మొన్న పొద్దున జగిత్యాలలో మా స్నానాల గది కిటికీ మీద, సబ్బు పెట్టె పక్కన, ఒక సన్నని కాగితపు పుల్ల కనబడింది. దాని మీద రెండు ఎర్ర గీతలు. మా అబ్బాయి మస్కట్ వెళ్లి ఏడాది దాటింది. ఆ గీతలు చూడగానే నా చేయి నన్నడక్కుండానే ఆ పుల్ల తీసి కొంగున ముడి వేసింది. కాసేపటికి కోడలు ఇల్లంతా వెతికి, నా కొంగు దగ్గర ఆగి నవ్వింది.

"అత్తమ్మా, అది కడుపు పరీక్ష గాదు. పిల్లలు నిలిచే రోజులేవో చెప్పేది. మీ కొడుకు సెలవు మీద అస్తున్నడు గదా, ముందుగాల చూసుకుంటున్న."

నాకు తెలియదా తల్లీ, అని మనసులోనే అనుకున్నాను. పై వరుసలో నాకు రెండు పళ్లు లేవు. మెట్ల మీద పడ్డానని ఇన్నాళ్లూ అందరికీ చెప్పుకొచ్చాను. నా ఈడు వాళ్లు గనుక మీకు చెప్పడానికి సిగ్గు లేదు.

మాది సిరిసిల్ల, మరమగ్గాల చప్పుడులో పెరిగినదాన్ని. కోరుట్ల దగ్గరి పల్లెలో కల్లు గీసే ఇంటికి కోడలినయ్యాను. వానలు లేక, చెట్లు ఎండి, కల్లు కుండలు సగం కూడా నిండని కాలంలో మా ఆయన దుబాయి పోయాడు. నడుముకు మోకుతాడు కట్టి తాటిచెట్లెక్కే పని మా మరిదికి మిగిలింది, నాకు బీడీలు మిగిలాయి. ఆయన ఏ రెండేళ్లకో వచ్చే కొద్దిపాటి సెలవును నడిపేది మా అత్తే. కోడలు ముట్టు స్నానం చేసిన మర్నాటి నుంచి నాలుగు రోజులే పంట రోజులని ఆమె నమ్మకం, వాళ్ల అత్త చెప్పిందట. ఆ నాలుగూ కాగానే కొడుకును చుట్టాల ఇళ్లకు, కొండగట్టు మొక్కులకు తోలేది. పంట మాత్రం పండలేదు, నేను గొడ్డుదాన్నయ్యాను. ఈసారీ కడుపు పండకుంటే కొడుక్కు ఇంకో పెళ్లి చేస్తానని మా అత్త వాడకట్టంతా చాటింది.

దుబాయిలో మా ఆయన ఊడ్చే ఆసుపత్రిలో ఒక నర్సమ్మకు ఈ సంగతి తెలిసి, పుల్లలిచ్చి ఉపాయం చెప్పింది. మూత్రంలో ముంచితే రెండో గీత మొదటి గీతంత ముదురుగా వచ్చిన రోజులే అసలైనవి, నీ భార్యను ముందే కొన్ని నెలలు చూసుకోమను, దాన్నిబట్టి సెలవు అడుగు అన్నదట. ఊరికి వచ్చే ఒకాయన చేత పౌడరు డబ్బాలో అవి నాకు చేరాయి. మూత్రంలో పుల్ల ముంచి చూస్తున్నానని అత్తకు ఏ నోటితో చెప్పను? చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం, ఎర్రగా తేలిన పుల్లను బీడీల చాటలో తునికాకు కింద దాచాను. ఆకు చాలలేదని అత్త నా చాటలో చేయి పెట్టింది. ఆడబిడ్డ నీళ్లోసుకున్నప్పుడు ఊరి నర్సు చూపించిన రెండు గీతలు ఆమె మరిచిపోలేదు. "ఎవనిదే ముండా?" అన్న కేకకు వాడకట్టంతా వచ్చింది.

జుట్టు పట్టి వాకిట్లోకి ఈడ్చింది. చాట తిరగబడి తంబాకు కళ్లలో పడి ఏమీ కనబడటం లేదు, మరిది చేతిలో మోకు గాలిలో లేచే చప్పుడు మాత్రం వినబడుతోంది. తాటిచెట్టంత ఎత్తున మనిషిని మోసే తాడు అది, నా వీపు మీద తెగుతుందా? ఒక దెబ్బ నోటి మీద పడింది. నేలకు ఆనించిన కుడి చేతిని మరిది మడమతో తొక్కితే వేళ్లు విరిగిన చప్పుడు నాకే వినబడింది. నెత్తురు ఉమ్ముతూనే చెప్పాను, ఇది కడుపు కాదు, రోజులు చెప్పేదని. ఎవరు నమ్ముతారు? చూస్తున్న ఆడవాళ్లలో సగం మంది మొగుళ్లు దుబాయిలోనే ఉన్నారు. నా పక్కన నిలబడితే ఆ మాట తమ మీదికీ వస్తుందని ఒక్కరూ అడ్డం రాలేదు.

తరువాత నాకు ముట్టు వచ్చింది. హమ్మయ్య, నిజం తేలిందనుకున్నాను. "దెబ్బలకు కరిగిపోయింది" అని అత్త ఊరంతా చెప్పింది. పుల్లలు నేనే పంపానని ఆయన ఫోనులో అరిస్తే, "పెండ్లాం ఇజ్జత్ కాపాడుతున్నవా కొడుకా" అని ఏడ్చింది. ఇంక ఏ సాక్ష్యం తేగలను?

ఆయన సెలవు దొరికి వచ్చిన రోజు, సంచి దించకముందే నా చేయి చూశాడు. గోడకున్న మోకు తీసి తమ్ముణ్ణి వాకిట్లో పడేసి, తల్లి వచ్చి తన కాళ్లు పట్టుకునేదాకా కొట్టాడు. ఆపమని నేను అనలేదు. అబద్ధమెందుకు, నా కడుపు చల్లబడింది. ఆ తరువాత మోకును గొడ్డలితో ముక్కలు చేసి, నన్ను జగిత్యాల తీసుకొచ్చి కిరాయి గదిలో పెట్టాడు. ఆ సెలవులో మేము పుల్ల మాటే విన్నాం, మా అబ్బాయి పుట్టాడు. పురుటికి వచ్చిన అత్త పిల్లవాణ్ణి ఎత్తుకునే ముందు ముఖం అటూ ఇటూ తిప్పి చూసింది. "అచ్చం మావోని ముక్కే" అంది. నా విరిగిన వేళ్ల గురించి చచ్చేదాకా ఒక్క మాట అనలేదు.

ఇప్పుడు ఆ ముక్కువాడే మస్కట్‌లో సెలవు కోసం సేటును బతిమాలుకుంటున్నాడు. మగవాళ్లు పోవడం ఆగలేదు, సెలవులు పెరగలేదు. నా కోడలు మాత్రం కొంగు ముడి విప్పించుకుని, పుల్లను ఫొటో తీసి మొగుడికి పంపి, తిరిగి ఆ కిటికీ మీదే పెట్టింది. ఎవరన్నా చూస్తారే అన్నాను.

"చూస్తే ఏమైతది అత్తమ్మా?" అంది, నిజంగానే తెలియక.

దానికి ఎప్పటికీ తెలియకూడదని, వంకర వేళ్లను కొంగు చాటుకు లాక్కున్నాను.