పక్క సీటు ప్రార్థన

తమ్ముడు పోయిన పదిహేనో రోజు మళ్లీ డ్యూటీకి వెళ్లాను. షిఫ్టు దిగి పటాన్‌చెరులో సంగారెడ్డి బస్సెక్కి, ఫోన్లో నవ్వుల వీడియోలు ఒకదాని తర్వాత ఒకటి చూస్తూ కూర్చున్నాను. ఏమీ అనిపించడం లేదు.

పక్కన మందుల కంపెనీ కోటులో యాభై ఏళ్లావిడ ఊరికే కూర్చుంది. సంచిలో ఫోన్ మోగినా తీయలేదు.

"ఫోనొస్తుందమ్మా," అన్నాను.

"రానీ బిడ్డా. ఏసయ్య శ్రమల దినాలు గదా, ఈస్టర్ దాకా బస్సుల ఫోన్ ముట్టనని ప్రభువుకు మాటిచ్చిన. పక్కన ఎవరు కూసుంటే వాళ్లను మనసుపెట్టి సూస్త, వాళ్ల కోసం ప్రార్థన చేస్త."

"నన్ను చూస్తే ఏం కనపడ్డది?"

"గప్పటిసంది నవ్వేటియే సూస్తున్నవ్. ఒక్కపారన్న నవ్వలే. ఏమైంది?"

"మా తమ్ముడు పోయిండు."

ఆమె అయ్యో అనలేదు. "పేరేంది?" అని అడిగి, నా వైపే చూస్తూ ఆగింది. ఇంట్లో అందరం ఆ పేరు తప్పించే మాట్లాడుకుంటున్నాం. బస్సు రుద్రారం దాటింది. ఆమె ఇంకా నా జవాబు కోసం చూస్తూనే ఉంది.

"రవి," అన్నాను చివరికి.

ఆమె కళ్లు మూసుకుంది. కదిలే పెదవుల మధ్య వాడి పేరు వినిపించింది. కంది స్టాపులో నా భుజం తట్టి దిగిపోయింది.

నాకు ఏడుపు రాలేదు. ఇంటికెళ్లి అమ్మ పక్కన కూర్చుని మాత్రం, "రవి చిన్నప్పటి ముచ్చట ఒకటి చెప్పమ్మా," అన్నాను.