కొంగు లేని ముహూర్తం చీర

పెళ్ళికి ముందు మగవాడు చేయగల తప్పులు కొన్ని ఉంటాయి. శుభలేఖలో తాతయ్య పేరు తప్పుగా అచ్చు వేయించడం, మేళగాళ్ళకు తేదీ తప్పుగా చెప్పడం, మేనమామను పిలవడం మరిచిపోవడం వంటివి. వీటిలో ఏది చేసినా నలుగురూ నాలుగు మాటలని వదిలేస్తారు. నేను చేసింది వీటిలో లేదు. మా ధర్మవరంలో మగ్గాలు ఆడడం మొదలైనప్పటినుంచి ఏ నేతగాడూ చేయని పని చేశాను. మీరు నవ్వుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు. మా వీధివాళ్ళు ఇంకా నవ్వుతూనే ఉన్నారు కాబట్టి మీకు తోడు కూడా దొరుకుతుంది.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. ఉరవకొండలో మాలాగే మగ్గం నేసే వాళ్ళింటి అమ్మాయి వరలక్ష్మితో పెళ్ళి కుదిరింది. ముహూర్తం చీర మగపెళ్ళివారే పెట్టాలి. ఊరందరికీ పట్టుచీరలు నేసిపెట్టే ఇంట్లో కోడలికి కొట్టులో కొంటే పరువేముంటుందని మా నాయన ఆ చీర నన్నే నేయమన్నాడు. మిరపపండు ఎరుపు, రెండు పక్కలా బెత్తెడు జరీ అంచు, చీరంతా చిన్న చిన్న మామిడి పిందెలు. కొంగు మాత్రం నాయన స్వయంగా గీయించిన కొత్త డిజైను. మగ్గం మీద మూడు చీరలకు ఎక్కించిన పడుగులో, అంటే నిలువు దారంలో, అది చివరిది. అంటే ఆ చీర అయిపోతే పట్టుదారం కూడా అక్కడితో సరి.

తెలియనివారికి ఒక్క మాట చెప్పాలి. మా దగ్గర చీరలో ముందు బాడీ నేస్తాం, చివర్న కొంగు. బాడీ నేయడం తేలిక. చేతులు వాటంతట అవే ఆడుతుంటాయి, కళ్ళు ఎక్కడున్నా ఫరవాలేదు. కొంగు అట్లా కాదు. మగ్గం ఆపి, కాళ్ళు దింపుకుని కూర్చునే గుంటలోంచి లేచి, పైన డిజైను వేసే జాకార్డుకు ఉన్న చిల్లుల అట్టల దండ మార్చాలి. అడ్డదారం వేసే నాడెలో రంగు మార్చాలి. ఆ తర్వాత ప్రతి పోగూ చూసుకుంటూ నేయాలి. కొంగు ఎక్కడ మొదలుపెట్టాలో మరిచిపోకుండా పడుగు పక్కన గుర్తు పెట్టుకుంటాం.

పెళ్ళి ఇంక పదకొండు రోజులుందనగా, ప్రపంచ కప్పులో మనకూ పాకిస్తానుకూ మ్యాచ్ వచ్చింది. ఎక్కడో దూరదేశంలో ఆడుతున్నారు కాబట్టి మనకు పొద్దున్నే మొదలై సాయంత్రానికి అయిపోతుంది. ఆ రోజే నాయన శుభలేఖలు పంచడానికి బత్తలపల్లెకు బయలుదేరాడు. గడప దాటబోతూ వెనక్కి తిరిగి నన్నొకసారి, మగ్గం గుంజకు ఆనించి పెట్టిన ఫోనునొకసారి చూశాడు.

"మధ్యాన్నానికి గుర్తు వస్తాది. కొంగు మొదలుపెట్టు. పెండ్లి నీదే, గుర్తుండాది కదా?"

"ఉండాది నాయనా."

అబద్ధం చెప్పలేదండి. పెళ్ళి గుర్తుంది, కొంగు గుర్తుంది, మధ్యాహ్నం కూడా గుర్తుంది. ఈ మూడింటినీ కలిపి గుర్తుపెట్టుకోవడంలోనే ఇబ్బంది వచ్చింది.

పాకిస్తాను వాళ్ళు ఆడినంతసేపూ బుద్ధిగా నేశాను. వాళ్ళు పెద్ద స్కోరే చేశారు. మన వాళ్ళు బ్యాటింగుకు దిగే సమయానికి పక్కింటి నాగరాజన్న వచ్చి గుంట పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. వాళ్ళింటి టీవీ పనిచేస్తూనే ఉంది కానీ, ఆ టీవీలో చూస్తే ఇండియా ఓడిపోతుందని ఆయన నమ్మకం. ఆయన ముప్పై ఏళ్ళుగా నేసే మనిషి. ఈ సంగతి దయచేసి గుర్తుపెట్టుకోండి, తప్పులో సగం వాటా ఆయనకు పంచాలని నా కోరిక.

కాసేపటికి గుర్తు వచ్చింది. మగ్గం ఆపి, గుంటలోంచి లేచి, అట్టలు మార్చడానికి చెయ్యి పైకెత్తాను. ఓపెనర్ బౌల్డ్. చేయి అక్కడే ఆగిపోయింది. మెల్లగా మళ్ళీ కూర్చుని, ఊరకే చూద్దామని, అదే బాడీ నాలుగు పోగులు వేశాను. ఫోర్ పోయింది. సరే, ఇదంతా మన పిచ్చి అనుకుని మళ్ళీ లేచాను. ఇంకొకడు క్యాచ్ ఇచ్చి వెళ్ళిపోయాడు.

నాగరాజన్న ఫోనులోంచి చూపు తీసి నావైపు చూశాడు. డాక్టరు రిపోర్టు చదివే ముందు చూసే చూపు అది.

"రామాంజీ, నువ్వు లేసినప్పుడల్లా ఒకడు పోతాండాడు. చూసినావా?"

"చూసినా అన్నా."

"కూర్చో. నేయి."

"కొంగు మొదలుపెట్టాల గదన్నా."

"కొంగు యాడికి పోతాదప్పా? వీళ్ళిద్దరూ కుదురుకోనీ. పడుగు శానా ఉండాదిలే."

పడుగు చూసి అన్న మాట కాదది. ఆయన కళ్ళు అప్పటికే ఫోను మీదికి వెళ్ళిపోయాయి. అయినా పెద్దాయన చెప్పాడు కదా అని కూర్చున్నాను. పెద్దల మాట వినడం నాకు చిన్నప్పటినుంచి లేదు. ఆ ఒక్కరోజే ఎందుకు విన్నానో ఇప్పటికీ అర్థం కాదు.

ఆ తర్వాత వికెట్ పడలేదు. మగ్గం ఆడుతోంది, మన వాళ్ళు ఆడుతున్నారు. గుర్తు దాటి బెత్తెడు నేశాను, జానెడు నేశాను. పది ఓవర్లయ్యాక నా మగ్గం వల్లే ఇండియా నిలబడిందనే కబురు వీధిలో పాకింది. ఒకరొకరే వచ్చి గుమ్మం దగ్గర చేరారు. వచ్చినవాళ్ళలో ముగ్గురు నేతగాళ్ళు, ఒకాయన అద్దకం పని చేసేవాడు. ఆ గుడ్డ వంక చూసినవాడు ఒక్కడూ లేడు. అందరూ నా చేతుల వంకే చూస్తున్నారు. నాడె కాస్త నెమ్మదిస్తే చాలు, వెనకనుంచి ఎవరో గొంతు సవరించేవారు.

డ్రింక్స్ విరామం వచ్చినప్పుడు పెద్ద చర్చ జరిగింది. అక్కడ ఆట ఆగింది కాబట్టి ఇక్కడ మగ్గం ఆగొచ్చా, ఆగకూడదా అని. ఆగొచ్చని చివరికి నాగరాజన్న తీర్పు ఇచ్చాడు. ఆ నాలుగు నిమిషాల్లో నేను అట్టలు మార్చి కొంగు మొదలుపెట్టి ఉండవచ్చు. కానీ అప్పటికి మూడు గంటలుగా గుంటలో కూర్చున్న మనిషికి అంతకంటే తొందర పని ఒకటి ఉంటుంది. పెరట్లోకి పరుగెత్తి, పరుగెత్తుకుంటూ వచ్చి కూర్చున్నాను.

మా అమ్మ వంటింట్లోంచి ఇదంతా వేరేగా అర్థం చేసుకుంది. కొడుకు తిండి కూడా మాని మగ్గం దిగడం లేదంటే, పెళ్ళనేసరికి ఎంత బాధ్యత వచ్చిందో అనుకుంది. ఆ మాట పక్కింటివాళ్ళకు చెప్పి కళ్ళు తుడుచుకుంది కూడా. సంగటి ముద్ద, శనక్కాయల ఊరుబిండి పచ్చడి గిన్నెలో పెట్టుకొచ్చి, నేను నేస్తూ ఉంటే తనే ముద్దలు చేసి నోట్లో పెట్టింది. "పని ఆపొద్దులే నాయనా" అంది ప్రేమగా. నా వెనక నిలబడ్డవాళ్ళంతా అవునవునన్నారు. ముద్ద నోట్లో ఉండగానే లోపల ఎక్కడో కొంగు మాట గుర్తుకొచ్చింది. కానీ అవతల థర్డ్ అంపైర్ రనౌట్ చూస్తున్నాడు. నాటౌట్ అని తేలేసరికి కొంగు మళ్ళీ మరపున పడింది.

చివరి నాలుగు ఓవర్లలో పదిహేను పరుగులు కావాలి. గదిలో ఎవరూ ఊపిరి కూడా గట్టిగా తీయడం లేదు. నేను నాడె విసిరాను. అది వెళ్ళలేదు. ఇంకోసారి విసిరాను. ముందుకు వంగి చూస్తే, పడుగు చివర కట్టే కర్ర నా కళ్ళ ముందు నిలబడి ఉంది. ఇంక దారం లేదు.

"అన్నా, పడుగు అయిపోయింది."

"యాడి పడుగు?" అన్నాడు నాగరాజన్న ఫోను మీదనుంచి కళ్ళు తీయకుండా. తర్వాత మగ్గం ఆగిందన్న సంగతి ఆయన చెవికెక్కింది. అప్పుడు, ఆ రోజంతటిలో మొదటిసారి, ముప్పై ఏళ్ళ నేతగాడు గుడ్డ వైపు చూశాడు. గుర్తు ఎక్కడుందో వెతికాడు. అది ఎప్పుడో గుడ్డతో పాటు చుట్టలోకి వెళ్ళిపోయింది. ఆయన మెల్లగా స్టూలు వెనక్కి జరుపుకున్నాడు.

అక్కడ మగ్గం లేకుండా మన వాళ్ళేమయ్యారో మీరు అడగాలి. ఏమీ కాలేదు. తర్వాతి ఓవర్లో రెండు ఫోర్లు కొట్టారు. ఆపై ఓవర్లో ఒక సింగిల్ తీసి, ఒక సిక్సరుతో పని ముగించి, హాయిగా నవ్వుకుంటూ పెవిలియనుకు నడిచారు. వీధంతా టపాకాయలు మోగాయి. గుమ్మంలో ఉన్నవాళ్ళు ఒకరినొకరు ఎత్తుకుని గంతులేశారు. ఆ ఇంట్లో గంతులేయనివాళ్ళం ఇద్దరమే. కాసేపటికి చూస్తే నాగరాజన్న కూడా కనిపించలేదు. ఆయన స్టూలు ఒక్కటే ఉంది.

అమ్మ అందరికీ చక్కెర పంచుకుంటూ నా దగ్గరికి వచ్చింది. గుడ్డ మీద చెయ్యి వేసి నిమిరింది.

"కొంగు యాడరా?"

అమ్మ చుట్ట విప్పి అటు చూసింది, ఇటు చూసింది. చక్కెర గిన్నె కింద పెట్టింది. పెళ్ళిలో కోడలి కొంగుకూ నా కండువాకూ కలిపి ముడి వేయాలి, కొంగు లేని చీరకు ముడి ఎక్కడ వేస్తారని నెమ్మదిగా అడిగింది. కోప్పడి ఉంటే బాగుండేది. అంత నెమ్మదిగా అడిగేసరికి నాకు ఏడుపొచ్చింది.

నాయన సాయంత్రం బస్సు దిగి వచ్చాడు. గుడ్డ మొత్తం విప్పించి చూశాడు.

"జాకార్డు చెడిపోయిందా?"

"లేదు నాయనా."

"నీకు జ్వరమా?"

"లేదు."

జరిగింది జరిగినట్టు చెప్పాను. నాగరాజన్న పేరు నాలుగుసార్లు వాడాను గానీ నాయన దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. అంతా విని అడిగాడు.

"ఎవరు గెలిచినారు?"

"మనమే."

"అదన్నా అయింది," అని కండువా దులుపుకుని లేచాడు. ఆడపిల్ల వాళ్ళకు ఈ మాట తను చెప్పడట. నేసినవాడే పోయి చెప్పాలట.

మరునాడు గుడ్డ చంకలో పెట్టుకుని అనంతపురం బస్సెక్కి, అక్కడ దిగి ఉరవకొండ బస్సెక్కాను. దారి పొడుగునా పొలాల్లో వాన లేక వాడిన శనగ చెట్లు కనిపించాయి. వాటి మొహమూ నా మొహమూ ఒకేలా ఉన్నాయనుకున్నాను. ఈ సంబంధం తప్పిపోతే ఏమిటన్నది ఒక్కటే నా భయం. నిశ్చితార్థంలో ఆ అమ్మాయితో మాట్లాడింది పది మాటలే. కానీ ఆ పది మాటలనూ నేను రోజూ ఒకసారి గుర్తు చేసుకుంటూ ఉండేవాణ్ణి.

మామగారు గుడ్డ చూసి మంచం మీద కూర్చుండిపోయారు. లోపలినుంచి వరలక్ష్మి వచ్చింది. ఏమీ అడగకుండా గుడ్డను మూర పెట్టి కొలిచింది. నేత బాగుందా అన్నట్టు అంచు వెలుతురులో పెట్టి చూసింది. తర్వాత నన్ను విచారించడం మొదలుపెట్టింది.

"మగ్గం నిలిచేసరికి ఎన్ని కావాల?"

"పదిహేను."

"ఎంతసేపట్లో కొట్టినారు?"

"రెండు ఓవర్లలో."

"అంతకుముందు, మగ్గం ఆడతాండగా?"

"అప్పుడు... ఒకటీ రెండూ తీసుకుంటాండిరి."

ఆమె గుడ్డ మడత పెట్టింది.

"అట్లయితే మీరు గుర్తు కాడనే ఆపేసింటే ఇంకా శానా ముందే గెలిచింటారు గదా. ఆళ్ళ ఆటకు అడ్డం పడింది మీ మగ్గమే."

మామగారు ముందు నవ్వారు. తర్వాత అత్తగారు లోపలినుంచి నవ్వారు. నేను చివర్న నవ్వాను, అనుమతి దొరికిందో లేదో తెలియక కొంచెంగానే. వాళ్ళ మగ్గం మీద ఎక్కించిన కొత్త పడుగు ఒకటి ఉంది. తన ముహూర్తం చీర తనే నేసుకుంటానని వరలక్ష్మి అంది. తండ్రీ కూతురూ వంతులవారీగా కూర్చుని పెళ్ళికి రెండు రోజుల ముందు, కొంగుతో సహా, దించారు.

మరి నా గుడ్డ? పట్టును పారేసే అలవాటు మా రెండు ఇళ్ళలోనూ లేదు. పంచకు సరిపోను కోసి, మిగిలింది కండువా చేయమని వరలక్ష్మే మా నాయనకు కబురు పెట్టింది. నాయన ఎంత సంతోషంగా కోశాడో మీరు చూడాల్సింది. అట్లా పీటల మీద నేను మిరపపండు ఎరుపులో, ఒంటినిండా మామిడి పిందెలతో కూర్చున్నాను. పెళ్ళికూతురు చీర లేత చిలకపచ్చ. దూరపు చుట్టాలు చాలామంది ముందు నా వైపు వచ్చి, దగ్గరికి వచ్చాక మీసం చూసి, అటు తిరిగారు. నాగరాజన్న ముందు వరుసలోనే కూర్చుని, ఈ గుడ్డలో తన కష్టమూ ఉందని పక్కవాడికి చెప్తున్నాడు.

ఇందుమూలంగా ధర్మవరం మగ్గాల సాక్షిగా, ఉరవకొండ అత్తమామల సాక్షిగా నేను చేసే ప్రతిజ్ఞ: ఇండియా ఏ దేశంతో, ఏ కప్పులో, ఎంత కష్టంలో ఉండి బ్యాటింగ్ చేస్తున్నా, ఆ సమయంలో నేను మగ్గం గుంటలో కాలు పెట్టను.

ఇంతవరకు రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. ఆమె నాడెలో పెట్టే దారం కండె చుడుతూనే విని, "బౌలింగప్పుడు కూడా అని రాయండి" అంది. రాశాను.